ఆర్సెనల్ అకాడమీ పోరగాండ్లను ఎట్ల ఫాలో కావాలె?

పాలమూరు_గన్నర్: అన్నలూ, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు ఆర్సెనల్ పెద్ద టీం మ్యాచులు అన్నీ చూస్త. అకాడమీ, అంటే క్లబ్బు పోరగాండ్లను తయారుజేసే టీంలు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలె? యూట్యూబ్ క్లిప్పుల్ల అందరూ మెస్సీలే కనబడుతున్నరు.

నల్లగొండ_నార్త్‌బ్యాంక్: క్లిప్పులు పక్కనబెట్టు తమ్మీ, టీం లిస్టు చూడు. అండర్-18 మ్యాచులు ఎక్కువ శనివారం పొద్దుగాలనే. అక్కడ 11 అంటే మనకు చలికాలం సాయంత్రం 4:30, మార్చి ఆఖరు నుంచి అక్టోబర్ ఆఖరు దాకా 3:30. 16 ఏండ్లోడు అక్కడ రెండు గోల్స్ కొట్టుడు కన్నా అండర్-21 బెంచీ మీద కూసునుడు పెద్ద సంగతి. పుట్టిన తేదీ, నిమిషాలు, పొజిషన్ రాసిపెట్టుకో. ఇంగ్లండ్‌ల వయసు గీత సెప్టెంబర్ 1. సెప్టెంబర్‌ల పుట్టినోడు, పై ఆగస్టుల పుట్టినోడు ఒకటే బ్యాచు. ఒళ్లుల మస్తు తేడా ఉంటది. చిన్న వయసు గోల్స్ లెక్కలు అందుకే మోసం జేస్తయి.

కొల్లాపూర్_లెఫ్ట్‌బ్యాక్: ప్రీమియర్ లీగ్ 2 (క్లబ్బుల అండర్-21 టీంల లీగ్) స్కోరు చూసి కూడా మురవకు. అండర్-21 అన్నట్టే గానీ వయసు దాటినోళ్లు కొందరు ఆడొచ్చు, గాయం నుంచి కోలుకునే సీనియర్లు దిగుతరు. ఈఎఫ్ఎల్ ట్రోఫీ అనే కప్పు చూడు, అండ్ల అండర్-21 పోరగాండ్లు లీగ్ వన్, లీగ్ టూ (ఇంగ్లండ్ మూడో, నాలుగో డివిజన్లు) క్లబ్బుల పెద్ద మొగోళ్ల మీద ఆడుతరు. మిడ్‌ఫీల్డర్ అయితే బంతి రాకముందే భుజం మీదికెళ్లి వెనక చూస్తున్నడా? నేను ఫస్టు అదే చూస్త.

పాలమూరు_గన్నర్: మరి మన అకాడమీ పోరడు ఈథన్ న్వానేరి 15 ఏండ్లకే పెద్ద టీంల దిగిండు గదా?

నల్లగొండ_నార్త్‌బ్యాంక్: దిగిండు. 2022 సెప్టెంబర్, బ్రెంట్‌ఫర్డ్ మీద, 15 ఏండ్ల 181 రోజులకు. ప్రీమియర్ లీగ్‌ల మళ్లా కనబడింది 2024 ఫిబ్రవరిలనే.