ఉచిత క్లినిక్‌లో వాలంటీర్లుగా చేస్తున్నవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి

కొత్తచిగురు:
నమస్తే అండి. మా దగ్గర ఆదివారాలు నడిచే ఉచిత క్లినిక్‌లో చేరదామనుకుంటున్నా. వైద్యం చదవలేదు, అకౌంట్స్ పని నాది. నాలాంటివాళ్ళకి ఏ పని ఇస్తారు? ముందే టీకాలేమైనా వేయించుకోవాలా? నెలకి రెండు పూటలే వస్తానంటే ఒప్పుకుంటారా?

రిజిస్ట్రేషన్‌టేబుల్:
రండి, కానీ నిలబడేటట్టయితేనే రండి. సర్టిఫికెట్ కోసం గుంపుగా చేరతారు, కాగితం చేతికి రాగానే కనబడరు. పాత రోగి వచ్చి "పోయినసారి ఉన్నమ్మాయి ఏది, ఆమెకి అంతా చెప్పానే" అంటాడు. నలుగురిలో చెప్పుకోలేని జబ్బు, మళ్ళీ మొదట్నించీ కొత్త మనిషికి చెప్పుకోవాలి. ఆ మొహం చూడలేం. రెండు పూటలైనా సరే, ఏడాది పొడుగునా రావాలి. ఇంకోటి, క్యూలో అందరి ముందూ "ఏంటి బాధ?" అని గట్టిగా అడగొద్దు. టేబుల్ దగ్గర పేరు, వయసు, ఫోన్ నంబరు. బాధ సంగతి లోపల.

మాత్రలడబ్బా:
మందులిచ్చే దాతలెవరైనా చదువుతుంటే ఒక్క మాట. ఇంట్లో మిగిలిన సగం స్ట్రిప్పులు కవర్లో పోసి తేకండి దయచేసి. కత్తిరించిన ముక్క మీద ఒక్కోసారి పేరే ఉండదు, ఇక గడువు తేదీ ఎక్కడ వెతకాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మార్గదర్శకాల్లో స్పష్టంగానే ఉంది: రోగికి ఇచ్చాక వెనక్కి వచ్చిన మందు విరాళానికి పనికిరాదు, మందు చేరేనాటికి కనీసం ఏడాది గడువుండాలి. వాటిని ఏరిపారెయ్యడానికే మాకు సగం పూట పోతోంది.

బీపీమాస్టారు:
భయపడకు తమ్ముడూ, నేనూ వైద్యం చదివినవాణ్ణి కాదు. మెషీన్‌తో బీపీ చూడటం నేర్పారు, ఇప్పుడా టేబుల్ నాదే. భార్యకి తోడుగా వచ్చిన పెద్దాయన్ని "మీరూ చూపించుకోండి" అని కూర్చోబెడితే పైన అంకె 190 దాటింది. డాక్టరమ్మ వెంటనే లోపలికి పిలిచింది. ఇవాళ్టికీ మందు మానకుండా వాడుతున్నాడు, అది చాలు నాకు. అక్కడ స్పీడు ముఖ్యం. ఒక్కొక్కరి చొక్కా చేతులు తీయిస్తూ కూర్చుంటే క్యూ కదలదు, పలచటి గుడ్డయితే దాని మీదే కఫ్ (చేతికి చుట్టి గాలి నింపే పట్టీ) కట్టేస్తాం.

వార్డుసిస్టర్:
గుడ్డ మీద కఫ్ కడతారా? నర్సుగా రిటైరయ్యాను, ఎంతమంది ట్రైనీలకి నేర్పానో లెక్కలేదు, ఈ మాట నా ముందు ఎవరూ అనలేదు. చెయ్యి బోసిగా ఉండాలి. చొక్కా పైకి మడిచి బిగించినా తప్పే. వీపు ఆనించి, పాదాలు నేల మీద ఉంచి, కాలు మీద కాలు లేకుండా, అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి సగటు రాయాలి.

బీపీమాస్టారు:
అమ్మా, మీ వార్డులో మంచాలున్నాయి. మాకు కుర్చీలే లేవు. అందర్నీ అయిదేసి నిమిషాలు ఎక్కడ కూర్చోబెట్టాలి? పలచటి గుడ్డకి పెద్ద తేడా రాదని మా డాక్టరే చెప్పారు.

వార్డుసిస్టర్:
కుర్చీలు లేవని తప్పు అంకె రాస్తారా? ఆ అంకె చూసే కదా డాక్టరు మందు పెంచేది!

సూటిమాట:
ఇద్దరూ గుడ్డ దగ్గరే ఆగిపోయారు. అసలు నష్టం కఫ్ సైజుతో. లోపలి గాలితిత్తి పొడవు చేతి చుట్టుకొలతలో దాదాపు 80 శాతం చుట్టిరావాలి. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ వస్తుంది. చెయ్యి గుండె ఎత్తుకి ఆనించకుండా కిందికి వేలాడేసినా అంతే. "ఏం మందులు వాడుతున్నారు" అని అడుగుతూ మెషీన్ నొక్కేవాళ్ళని రోజూ చూస్తున్నా. మాట్లాడుతుంటే అంకె పెరుగుతుంది. ముందు ఒక పెద్ద కఫ్ కొనిపించండి, తర్వాత కొట్టుకుందురు గాని.

మధ్యమనిషి:
బీపీ గొడవ ఆపితే ఒకటి చెప్తా. నేను చేసేది అనువాదం. తల్లి మాట డాక్టరుకి చేర్చడానికి పదేళ్ళ పిల్లాణ్ణి నిలబెడుతున్నారు. నెలసరి గురించి ఆ పిల్లాడు ఎలా అడుగుతాడు? ఆవిడ మాత్రం ఎలా చెబుతుంది? ఏమీ లేదని తల ఊపి వెళ్ళిపోతుంది. రెండు భాషలు వచ్చినవాళ్ళెవరున్నా దీనికి రండి. బీపీ కంటే దీనికే మనుషులు తక్కువ.

కొత్తచిగురు:
తమ్ముడు కాదండీ, చెల్లెల్ని. టీకాల సంగతి ఎవరూ చెప్పలేదు…

వార్డుసిస్టర్:
నేను చెప్తానమ్మా. రక్తం ద్వారా సోకే కాలేయ జబ్బు హెపటైటిస్ బి, దానికి టీకా వేయించుకో. మొదటి డోసు తర్వాత నెలకి రెండోది, ఆరో నెలలో మూడోది. పూర్తయ్యాక ఒకటి రెండు నెలల్లో, టీకా పనిచేసిందో లేదో తెలిపే యాంటీబాడీ పరీక్ష చేయించుకో. టేబుల్ పనే కదా అనుకోకు, షుగర్ పరీక్ష చేసిన సూది చెత్తబుట్టలో పడేసే మహానుభావులున్నారు. సూదికి మూత తిరిగి పెట్టొద్దు, గుచ్చుకోని డబ్బాలో వెయ్యాలి, డబ్బా ముప్పావు నిండితే మార్చాలి. పొరపాటున గుచ్చుకుంటే సబ్బూ నీళ్ళతో కడిగి అప్పుడే డాక్టరుకి చెప్పాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు.

మాత్రలడబ్బా:
అకౌంట్స్ అన్నారు కదా చెల్లెమ్మా, బీపీ టేబుల్‌కి వెళ్ళకండి, మా వైపు రండి. స్టాకు రిజిస్టరు చూసేవాళ్ళు లేరు. ఏ మందు గడువు ముందు అయిపోతుందో అది ముందు బయటికి వెళ్ళాలి, మా దగ్గర పైన కనబడిందే వెళ్తోంది. బీపీ మాత్రలు నెలకి సరిపడా ఉన్నాయో లేదో ముందే తెలిస్తే ఎవర్నీ ఉత్తచేతులతో పంపక్కర్లేదు. మాత్ర మధ్యలో ఆగితే బీపీ మళ్ళీ ఎక్కుతుంది, ఇక మాస్టారు కఫ్ ఎలా కట్టినా ఏం లాభం?

కొత్తచిగురు:
అది నాకు వచ్చిన పనే. ఈ ఆదివారమే వచ్చి అడుగుతాను.

బీపీమాస్టారు:
రామ్మా. సూటిమాట గారూ, పెద్ద కఫ్ అడిగి తెప్పిస్తాను. గుడ్డ విషయంలో మాత్రం మా డాక్టరు మాటే నా మాట.

వార్డుసిస్టర్:
మీ డాక్టర్ని ఇక్కడికి రమ్మనండి, నేనే అడుగుతాను.