డీవై బై డీఎక్స్ భిన్నమేనా? పైనా కిందా కొట్టేయొచ్చా?

లవం_హారం: మా తమ్ముడికి కాలిక్యులస్‌లో చైన్ రూల్ (ఒకదానిలో ఒకటి ఉన్న ఫంక్షన్లని డిఫరెన్షియేట్ చేసే సూత్రం) చెబుతూ "డీవై బై డీయూ ఇంటూ డీయూ బై డీఎక్స్, పైనా కిందా డీయూ కొట్టేయ్, అయిపోయింది" అన్నాను. అది భిన్నం కాదు, అలా కొట్టేస్తే మార్కులు కోస్తానని వాళ్ల టీచరు అన్నారట. నాకైతే ఇన్నేళ్లలో ఒక్క జవాబూ తప్పు రాలేదు. మరి ఇందులో తప్పేంటి?

అవధి: టీచరు చెప్పిందే రైటు. డీవై బై డీఎక్స్ అంటే ఒక అవధి (లిమిట్). ఎక్స్‌లో వచ్చిన మార్పుతో వైలో వచ్చిన మార్పుని భాగించి, ఎక్స్‌లో మార్పు సున్నాకి దగ్గరయ్యేకొద్దీ ఆ భాగఫలం ఏ విలువకి చేరుతుందో అదే డెరివేటివ్. చేరాక లవమూ లేదు, హారమూ లేదు, ఇంక కొట్టేసేది దేన్ని?

సుద్దముక్క: మరి ఇంటిగ్రేషన్ లెక్కల్లో సబ్‌స్టిట్యూషన్ చేసేటప్పుడు యూ = ఎక్స్² + 1 అనుకుని డీయూ = 2ఎక్స్ డీఎక్స్ అని రాస్తున్నామే, అదేంటి? పాఠ్యపుస్తకాల్లోనే ఉంది కదా. అసలు ఈ గుర్తులు గణితవేత్త లైబ్నిజ్ 1675లో మొదలుపెట్టినవి, ఆయన వీటిని అతి చిన్న రాశుల భాగహారంగానే చూశాడు. 1960ల్లో అబ్రహం రాబిన్సన్ అనే గణితవేత్త ఆ అతి చిన్న రాశులకి గట్టి పునాది కూడా వేశాడు.

అవధి: రాబిన్సన్ పద్ధతిలో కూడా భాగించాక మిగిలిన అతి చిన్న ముక్కని వదిలేస్తేనే డెరివేటివ్ వస్తుందండీ. సరే, సిద్ధాంతం పక్కన పెట్టి ఒక లెక్క చూద్దాం. ఎక్స్, వై రెండూ టీ అనే పరామితిని బట్టి మారతాయనుకోండి: ఎక్స్ = టీ², వై = టీ³. మొదటి డెరివేటివ్ 3టీ² బై 2టీ, అంటే 3టీ/2, ఇక్కడ భిన్నం అనుకున్నా గొడవ లేదు. ఇప్పుడు రెండో డెరివేటివ్ కావాలి, అంటే మొదటిదాన్ని మళ్లీ ఎక్స్‌తో డిఫరెన్షియేట్ చేయాలి. భిన్నమే కదా అని వైని టీతో రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే వచ్చే 6టీని, ఎక్స్‌ని అలాగే చేస్తే వచ్చే 2తో భాగిస్తే 3టీ వస్తుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ తప్పు. 3టీ/2ని టీతో డిఫరెన్షియేట్ చేసి 3/2 తెచ్చుకుని, దాన్ని మళ్లీ 2టీతో భాగించాలి, అసలు జవాబు 3/(4టీ). టీ = 1 దగ్గర ఒకటి 3, ఇంకోటి ముప్పావు!

సుద్దముక్క: ఇది నిజమే, ఒప్పుకుంటాను. కానీ మొదటి డెరివేటివ్ వరకు కొట్టేయడం పనిచేస్తోందంటే అది గాలివాటం కాదు. అవధి తీసుకోకముందు డెల్టా యూ (యూలో వచ్చిన మార్పు) మామూలు సంఖ్యే, పైనా కిందా కొట్టేయొచ్చు, అది సున్నా అయ్యే చోట మాత్రం రుజువు వేరేగా రాయాలి. నా ఓటు: గుర్తుపెట్టుకోడానికి కొట్టేయండి, రుజువు అడిగితే మాత్రం వద్దు.

లవం_హారం: ఇందాక ఒక్క జవాబూ తప్పు రాలేదన్నాను కదా... ఇప్పుడు గుర్తొస్తోంది, పరామితి ఇచ్చి రెండో డెరివేటివ్ అడిగిన లెక్కలన్నీ నేను ఛాయిస్‌లో వదిలేసేవాణ్ణి.