వెరిలాగ్‌లో రాసిన న్యూరాన్ ఒక్కసారి కూడా ఫైర్ అవ్వట్లేదు, తప్పెక్కడ?

ప్రశ్న:
నమస్తే అండీ. ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నా. మెదడు తరహా చిప్ మీద ప్రాజెక్ట్. ఎఫ్‌పీజీఏ (మనకు కావాల్సిన సర్క్యూట్‌గా మార్చుకోగల చిప్) కోసం, సర్క్యూట్లు రాసే భాష వెరిలాగ్‌లో ముందు ఒక్క న్యూరాన్ (మెదడు కణాన్ని అనుకరించే సర్క్యూట్) రాశా. ప్రతి క్లాక్‌కి న్యూరాన్ విలువకి ఇన్‌పుట్ 10 కలుపుతా. లీక్ (విలువ కొంచెం కొంచెం కారిపోవడం) కోసం, ఉన్న విలువను 4 బిట్లు కుడికి జరిపి వచ్చినంత తీసేస్తా. థ్రెషోల్డ్ 200, అంటే విలువ అక్కడికి చేరితే న్యూరాన్ ఫైర్ అయి ఒక స్పైక్ (పల్స్) పంపాలి. ఎంతసేపు నడిపినా ఒక్క స్పైకూ రాదు. వచ్చే వారమే రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

జవాబు:
కోడ్ బాగానే ఉంది తమ్ముడూ, లెక్క కుదరలేదు. 4 బిట్లు జరపడమంటే 16తో భాగించడం. విలువ 160కి చేరగానే లీక్ కూడా 10 అవుతుంది. వచ్చేది పది, పోయేది పది. చిల్లుకుండలో నీళ్ళలా మట్టం అక్కడే నిలిచిపోతుంది, 200 ఎప్పటికీ రాదు. థ్రెషోల్డ్ 120 పెట్టు, 20వ క్లాక్‌కి 121 అయి ఫైర్ అవుతుంది.

ఇంకోటి కూడా చూసుకో. విలువ 16 కంటే తగ్గితే జరిపాక సున్నానే వస్తుంది. ఇన్‌పుట్ ఆగినా న్యూరాన్ 15 దగ్గరే ఉండిపోతుంది. కింద 4 భిన్నపు బిట్లు చేర్చు, 1 కంటే చిన్న లీక్ కూడా లెక్కలోకి వస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
120తో వచ్చిందన్నా, చాలా థ్యాంక్స్! కానీ 16 ఇన్‌పుట్లు కలిపితే, అన్నీ ఒకేసారి వచ్చినప్పుడు స్పైక్ మాయమవుతోంది. విలువ దాచే రిజిస్టర్ 8 బిట్లు. పైగా "జీపీయూ ఉండగా ఇదెందుకు" అని గైడ్ అడుగుతున్నారు.

జవాబు:
119 దగ్గర ఉండగా 160 వచ్చిపడితే, లీక్ 7 పోగా 272. 8 బిట్లలో 255 దాకానే పడుతుంది కాబట్టి అది 16 అయిపోతుంది. పైన ఇంకో రెండు బిట్లు వెయ్యి.

మరొకరు:
గైడ్ ప్రశ్నకి నేను చెప్తా. మెదడు నడిచేది దాదాపు 20 వాట్లతో. 2014లో ఐబీఎం చూపించిన ట్రూనార్త్ చిప్‌లో 10 లక్షల న్యూరాన్లు, 25.6 కోట్ల సినాప్సులు (న్యూరాన్ల మధ్య కనెక్షన్లు); ఖర్చు సుమారు 70 మిల్లీవాట్లు. వెయిట్లు (ఆ కనెక్షన్ల బలాలు) న్యూరాన్ పక్కనే మెమరీలో ఉంటాయి, స్పైక్ వచ్చినప్పుడే పని జరుగుతుంది. ఆదా అంతా అక్కడే. 1980లలో అమెరికా ఇంజినీర్ కార్వర్ మీడ్ అనలాగ్ ట్రాన్సిస్టర్లతో ఇలాంటి చిప్‌లు మొదలుపెట్టింది కూడా ఈ పొదుపు కోసమే.

నీ డిజైన్‌లో ప్రతి న్యూరాన్ ప్రతి క్లాక్‌కీ అప్‌డేట్ అవుతోంది కాబట్టి, కరెంటు ఆదా అని మాత్రం ఇప్పుడే రాయకు. న్యూరాన్‌కి చివరి ఇన్‌పుట్ స్పైక్ ఎప్పుడొచ్చిందో దాచుకో. కొత్తది రాగానే మధ్యలో గడిచిన క్లాకులకు ఎంత తగ్గాలో చిన్న టేబుల్ చూసి ఒకేసారి తీసెయ్. రివ్యూలో ఆ రెండు డిజైన్ల పవర్ రిపోర్టులూ పక్కపక్కన పెట్టి చూపించు.