ఐబీఎస్-డి: కారం మానేసినా విరేచనాలు ఆగట్లేదు, ఎక్కడ తప్పుతోంది?

కొత్తపేట_గుంటూరు:
తమ్ముడికి 27 ఏళ్లు. ఏడెనిమిది నెలలుగా పొద్దున్నే మూడు నాలుగు సార్లు నీళ్ల విరేచనాలు. ముందు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, వెళ్లొచ్చాక తగ్గుతుంది. డాక్టరు గారు ఐబీఎస్-డి (పేగులో వాపు, పుండు లేకపోయినా నొప్పి, విరేచనాలు వచ్చే ఇబ్బంది) అన్నారు. పచ్చళ్లు, కారం మానేసి నెలైంది, పెద్ద తేడా లేదు. రోజూ విజయవాడకు బస్సులో వెళ్లాలి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ బిళ్ల రోజూ వేసుకోవచ్చా?

పరీక్షల_పంతులు:
ముందు పరీక్షలు చూడండి. సీబీసీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపేది), థైరాయిడ్, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) కోసం టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగువాపును చూపేది). కాల్‌ప్రొటెక్టిన్ నార్మల్ అయితే క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్ అనే పేగువాపు జబ్బులు ఉండే అవకాశం బాగా తక్కువ. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు వాడుతుంటే అది పెరిగి కనిపించొచ్చు, ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. బరువు తగ్గడం, మలంలో రక్తం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనం, వీటిలో ఏ ఒక్కటున్నా ఐబీఎస్ అని ఊరుకోవద్దు.

ఇంకోమాట. విరేచనమైనప్పుడల్లా మందుల షాపులో నార్‌ఫ్లాక్సాసిన్-టినిడజోల్ అనే యాంటీబయాటిక్ బిళ్ల అడిగి తెచ్చుకోవడం మన దగ్గర మామూలు. ఐబీఎస్‌కి అది మందు కాదు.

పోపుడబ్బా:
కారం పేగు నరాలను రెచ్చగొడుతుంది, నిజమే. కానీ ఆవకాయ మానేసి కందిపొడి, వెల్లుల్లి పోపు పెట్టిన పప్పు, ఉల్లిపాయల సాంబారు తింటూనే ఉంటే తేడా ఎక్కడినుంచి వస్తుందండీ? ఉల్లి, వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు (ఒక రకం పిండిపదార్థాలు) చిన్నపేగులో అరగవు. నీటిని లాగి, పెద్దపేగులో పులిసి గ్యాసవుతాయి. నా లెక్కలో మొదటి అనుమానితులు ఇవే.

ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి, నూనెలో కరగవు. కాబట్టి నూనెలో రెబ్బలు వేయించి, తీసి పారేసి, ఆ నూనెతో పోపు పెట్టండి. వాసన ఉంటుంది, బాధ ఉండదు. ఆ నూనె నిలవ పెట్టకూడదు, ఏ పూటకాపూట చేసుకోవాలి. రెబ్బలు చారులో మరిగాక తీసేస్తే లాభం లేదు, సారమంతా అప్పటికే దిగిపోతుంది. కందిపప్పుకు బదులు పెసరపప్పు కొద్దిగా, నానబెట్టిన నీళ్లు పారబోసి. రెండు వారాలు పాలు, పాల టీ ఆపి చూడండి. నూజివీడు రసాల సీజన్లో మరీ జాగ్రత్త, మామిడిలో ఫ్రక్టోజ్ అనే చక్కెర ఎక్కువ.

ఈ పథ్యం 4 నుంచి 6 వారాలే. తర్వాత ఒక్కో పదార్థాన్ని మూడు రోజులు తిరిగి పెట్టండి: కొంచెం, సగం, మామూలుగా. మధ్యలో రెండు మూడు రోజులు ఖాళీ. రెండు కలిపి పెడితే ఏది పడలేదో తేలదు.

కొత్తపేట_గుంటూరు:
పరీక్షలన్నీ నార్మలేనండీ. బస్సు సంగతి?

మోతాదు_మాస్టారు:
నిద్ర లేవగానే కాఫీ, వెంటనే నాలుగు ఇడ్లీలు, వెంటనే బస్సు అంటే కష్టమే. కడుపు నిండగానే పెద్దపేగు కదులుతుంది. గంట ముందు లేచి, తక్కువ తిని, కాఫీ విజయవాడలో తాగమనండి. లోపెరమైడ్ 2 మి.గ్రా. బయలుదేరే ముందు అరగంట నుంచి ముప్పావు గంటలోపు వేసుకోవచ్చు. రోజూ కావాలంటే డాక్టరుతో మోతాదు ఖాయం చేసుకోండి. మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది. జ్వరం, రక్తం ఉన్నప్పుడు అసలు వద్దు.

అది విరేచనాన్ని ఆపుతుంది గానీ నొప్పిని తగ్గించదు. నొప్పికి, పేగు కండరాల బిగుతు తగ్గించే మెబెవెరిన్ 135 మి.గ్రా. భోజనానికి 20 నిమిషాల ముందు ఇస్తారు. తగ్గకపోతే రాత్రి అమిట్రిప్టిలిన్ (ఎక్కువ మోతాదులో డిప్రెషన్‌కి వాడే మందు) 10 మి.గ్రా. రాయొచ్చు. చీటీలో అది చూసి మనసు జబ్బు మందనుకుని మానేయకండి, ఆ కొద్ది మోతాదు పేగు వేగాన్నీ నొప్పినీ తగ్గించడానికే.

ఇంతకీ పిత్తాశయం తీసేసిన ఆపరేషన్ ఏమైనా అయిందా? అయితే ఇది పిత్తరసం వల్ల వచ్చే విరేచనం కావొచ్చు, దానికి పిత్తరసాన్ని పట్టి ఉంచే కొలెస్టిరమిన్ వాడతారు.