అప్‌డేట్: పొద్దున బాక్సులూ నిత్యపూజా ఒకే వేళకి, ఎలా కుదిరిందంటే

ఏడున్నరకి పిల్లల బాక్సులు, అదే టైముకి దీపారాధన, లలితా సహస్రనామం కుదరట్లేదని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చింది పారాయణ సాయంత్రం దీపం వేళకి మార్చమన్న సలహా. స్పష్టంగా చదివితే అరగంట పైనే పడుతుంది, కుక్కర్ విజిల్స్ లెక్కపెడుతూ చదివేది కాదు. పొద్దున పంచోపచారాలే: గంధం, పువ్వు, ధూపం, దీపం, నైవేద్యం. పది నిమిషాల్లో అయిపోతుంది.

నైవేద్యానికి విడిగా వండక్కర్లేదని పురోహితులు గారు కూడా చెప్పారు. బాక్సుల కోసం వండిన అన్నమే, ఎవరూ రుచి చూడకముందు చిన్న గిన్నెలోకి తీసి, నెయ్యి వేసి పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూర పెట్టకూడదు. మరీ హడావుడి రోజున బెల్లం ముక్క చాలు.

ఇత్తడి సామాను గురువారం సాయంత్రమే చింతపండు, ఉప్పుతో తోమి, బాగా కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. పులుపు గానీ తడి గానీ మిగిలితే మర్నాటికి మచ్చలే. కుందిలో పాత నూనె జిడ్డుంటే ముందు వేడినీళ్ళు పోయాలి, లేకపోతే చింతపండు పట్టదు. వారానికి సరిపడా ఒత్తులూ అప్పుడే చేసి డబ్బాలో వేసుకోవచ్చు.

నాలుగింటికే లేవమన్నది, కరెంటు దీపం కొనమన్నది అవసరం పడలేదు.