‘సర్వైవర్‌షిప్ బయాస్’కి తెలుగులో ఏమందాం?

మహమ్మారి సమయంలో కడుపులో ఉన్న బిడ్డల ఆరోగ్యం గురించి ఒక వ్యాసం రాస్తూ ఈ మాట దగ్గర (మిగిలినవాళ్ళని మాత్రమే చూసి లెక్క కట్టడం వల్ల వచ్చే తప్పు) ఆగిపోయాను. ‘మనుగడ పక్షపాతం’ అని రాసి కొట్టేశాను. పక్షపాతం అంటే ఎవరో కావాలని ఒకరి కొమ్ము కాసినట్టుంది. ఇక్కడ ఎవరి తప్పూ లేదు, పోయినవాళ్ళు లెక్కకు రారు, అంతే.

సందర్భం 1918 ఇన్‌ఫ్లుయెంజా. అమెరికాలో అక్టోబరులో అది ఉధృతంగా ఉన్నప్పుడు కడుపులో ఉండి, 1919లో పుట్టినవాళ్ళ చదువు, సంపాదన, వైకల్యాలను ఆర్థికవేత్త డగ్లస్ ఆల్మండ్ 1960, 70, 80 జనాభా లెక్కల్లోంచి తీశాడు. ముందూ వెనకా పుట్టినవాళ్ళకన్నా వీళ్ళు వెనకబడ్డారని 2006లో ప్రచురించాడు. (మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఆ ఏడాది తండ్రులైనవాళ్ళే వేరు తరహా అని విమర్శ ఉంది. అది వేరే గొడవ.) 1960 లెక్కల్లోకి ఎక్కింది నలభయ్యేళ్ళు బతికినవాళ్ళు. గర్భంలోనే పోయినవి, పురిట్లో పోయినవి అందులో లేవు. మరీ బలహీనమైనవాళ్ళు ముందే రాలిపోతే, దెబ్బ ఉన్నదానికన్నా చిన్నదిగా కనబడుతుంది.

వ్యాఖ్య: ‘బతికి బట్టకట్టినవారి లెక్క’?

జవాబు: సొంపుగానే ఉంది. కానీ అందులో గండం గడిచిందన్న ఊరట వినిపిస్తుంది. లెక్క తప్పిందన్న సంగతి వినిపించదు.

వ్యాఖ్య: మా ఊళ్ళో ఎంత జబ్బు చేసినా లేచి కూర్చునేవాణ్ణి ‘గట్టిపిండం’ అంటారు. మీ వ్యాసానికి అచ్చంగా సరిపోతుంది. నిలిచినవి గట్టిపిండాలే కదా! ‘గట్టిపిండాల లెక్క’ అనండి.

జవాబు: అబ్బ, భలే దొరికింది. వ్యాసం లోపల తప్పకుండా వాడతాను. శీర్షికలో మాత్రం భయం, పిండం అనగానే సగం మందికి కాకులు గుర్తొస్తాయి.

వ్యాఖ్య: ‘దక్కడం’ ఉందిగా. మా నాయనమ్మని పిల్లలెంతమంది అంటే “తొమ్మిది కాన్పులు, దక్కింది నలుగురు” అనేది. ముందు కాన్పుల లెక్క, తరవాతే దక్కినవాళ్ళు. ‘దక్కినవారి లెక్క’ అంటే దక్కనివాళ్ళు దానంతటదే గుర్తొస్తారు.

జవాబు: ఇదే ఖాయం చేస్తున్నాను. ఒక్క అనుమానం: నిలవని కడుపుల్ని కూడా ఆవిడ ఆ తొమ్మిదిలో కలిపేదా?

వ్యాఖ్య: లేదండీ. అవి రెండో మూడో ఉన్నాయని ఆవిడ పోయాక మా పెద్దత్త చెప్పింది.