కోలాజ్ కాగితం లేస్తోంది, పసుపెక్కుతోంది. గ్యాలరీకి ఇచ్చేముందు ఏం చూసుకోవాలి?

పొరలుపొరలు:
కాన్వాస్ మీద దినపత్రిక ముక్కలు, నూలు గుడ్డ అతికించి ఆక్రిలిక్ రంగులు వేస్తున్నాను. మధ్యమధ్య ఆయిల్ పాస్టెల్ (నూనె, మైనం కలిసిన రంగుకడ్డీ), దాని మీద మళ్లీ ఆక్రిలిక్. కాగితం బుడగలు కడుతోంది, కొన్నాళ్లకే పసుపెక్కుతోంది. ఒక గ్యాలరీ 12 బొమ్మలు అడిగింది. అతుకు గురించీ, వాళ్లతో రాసుకోవాల్సిన ఒప్పందం గురించీ చెప్పగలరా?

జిగురుబ్రష్:
పసుపెక్కడం జిగురు తప్పు కాదు. న్యూస్‌ప్రింట్‌లో, అంటే దినపత్రిక కాగితంలో, లిగ్నిన్ అనే కలప పదార్థం ఉండిపోతుంది, వెలుతురు తగిలేకొద్దీ రంగు తిరుగుతుంది. పికాసో 1912లో అతికించిన పత్రిక ముక్కలే గోధుమరంగుకి వచ్చేశాయి, మనవెంత! ఆ పేజీని స్కాన్ చేసి, ఆమ్లం లేని కాగితం మీద లేజర్ ప్రింట్ తీసి వాడండి. టోనర్ తడికి చెదరదు. డై ఇంకుతో తీసిన ఇంక్‌జెట్ ప్రింట్ అయితే కారిపోతుంది.

కాగితం తడిస్తే సాగుతుంది. పొడిగా అతికిస్తే ఆ సాగడమంతా కాన్వాస్ మీదే జరుగుతుంది, అదే బుడగ. అందుకని ముక్కకి రెండువైపులా మ్యాట్ మీడియం (మెరుపు లేని, రంగు కలపని ఆక్రిలిక్, జిగురులా పనిచేస్తుంది) పూసి ఒకటి రెండు నిమిషాలు ఆగండి. కాన్వాస్‌కీ పల్చగా పూసి, ముక్క పరిచి, మధ్య నుంచి అంచులకి రబ్బరు రోలర్‌తో నెట్టండి. కాన్వాస్ వెనక అట్ట ఆన్చకపోతే గుడ్డ కుంగి మధ్యలో అతకదు. ఆరాక కూడా బుడగ మిగిలితే బ్లేడుతో సన్నగా గాటు పెట్టి, మీడియం ఎక్కించి, దేనికీ అంటుకోని సిలికాన్ కాగితం వేసి బరువు పెట్టాలి.

చెక్కపలక:
అసలు గొడవ పాస్టెల్‌ది. అది ఎన్నేళ్లైనా పూర్తిగా ఎండదు, దాని మీద ఆక్రిలిక్ పట్టదు, పెచ్చులూడుతుంది. పాస్టెల్ ఎప్పుడూ చివరి పొరే. బ్రష్‌తో వార్నిష్ వేస్తే అలుక్కుపోతుంది. గాజు వెనక ఫ్రేము కట్టించండి, గాజుకీ బొమ్మకీ మధ్య స్పేసర్ (ఎడం ఉంచే పట్టీ) తప్పనిసరి. బరువైన వస్తువులు అతికించేటప్పుడు కాన్వాస్ వద్దు, చెక్క ప్యానెల్ వాడండి. వెనకవైపూ సీల్ చెయ్యకపోతే వంగుతుంది.

రసీదుపుస్తకం:
గ్యాలరీ కమిషన్ చాలాచోట్ల 40 నుంచి 50 శాతం. అంతకన్నా ముఖ్యం, అమ్ముడైన ఎన్ని రోజులకి డబ్బిస్తారో రాయించుకోవడం. రానుపోను రవాణా, బీమా ఎవరివి, డిస్కౌంట్ ఇస్తే ఎవరి వాటాలోంచి పోతుంది, మిగిలినవి ఏ తేదీకి తిరిగొస్తాయి, ఇవన్నీ ఒప్పందంలో పడాలి. ప్రతి బొమ్మకీ ముందూ వెనకా ఫొటోలు తీసి పెట్టుకోండి. వెనక చీటీలో కొలతలు, సంవత్సరం, వాడిన ప్రతి పదార్థం రాయండి. ఒట్టి ‘మిక్స్‌డ్ మీడియా’ (రకరకాల పదార్థాలు) అని రాస్తే రేపు బాగుచేసేవాళ్లకి ఏమీ తెలియదు. ఇంకోటి, పత్రికల ఫొటోలకి కాపీరైట్ ఉంటుంది. బొమ్మ అమ్మడం ఒకటి, దాని ప్రింట్లు తీసి అమ్మడం ఇంకొకటి.

పొరలుపొరలు:
న్యూస్‌ప్రింట్‌తో ఇప్పటికే అయిపోయినవి నాలుగున్నాయి. వాటినేం చెయ్యాలి?

జిగురుబ్రష్:
యూవీ (అతినీలలోహిత) కిరణాల్ని అడ్డుకునే గాజు వేయించండి. రంగు తిరగడం నెమ్మదిస్తుంది, ఆగదు. ఆ మాట గ్యాలరీకి ముందే చెప్పి, చీటీలోనూ రాసెయ్యండి.